మూడో గడప దగ్గర మా సార్

జనగామ బస్టాండులో హనుమకొండ బస్సెక్కి, కిటికీ పక్క సీటు కోసం ఒకావిడతో తగువు పడుతున్నాను. వెనక నుంచి ఎవరో “నువ్వు గిప్పటికీ మారలే గద” అన్నారు. మండిపడి తిరిగి చూస్తే కండక్టరు. నెత్తిన సగం జుట్టు పోయింది, మెడలో టికెట్ల మిషను వేలాడుతోంది, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆ నవ్వును బట్టి గుర్తుపట్టాను. పదిహేనేళ్ల కిందట మానుకోటలో మేమిద్దరం ఒకే బ్యాచ్‌లో కంప్యూటరు నేర్చుకున్నాం. మహబూబాబాద్ అనేది కాగితాల మీది పేరు, మా నోటికి మానుకోటే.

నా ఆధార్ కార్డు చూసి, మిషను నొక్కి జీరో టికెట్ చేతిలో పెట్టాడు. “చూసినవా, పొద్దుందాక సార్ పాఠమే చెప్తున్న. ఆడమనిషా? అయితె కార్డు ఉన్నదా? ఉంటె గది తెలంగాణదేనా? మూడూ ఔనైతె జీరో టికెట్. యాడ కాదన్నా, పైసలు తియ్యవ్వా అంటున్న. ఇఫ్ లోపల ఇఫ్, దాని లోపల ఇంకో ఇఫ్.”

నేను పకపకా నవ్వాను. అతను మాత్రం నవ్వు ఆపేశాడు.

“సార్ పోయిండు, ఎరుకేనా? నెల కావస్తుంది. గుండెపోటంట. దవాఖానకు తీస్కపోయేటాళ్లకే అయిపోయిందంట.”

వెనక సీట్లో ఎవరో టికెట్ అని కేకేశారు. అతను వెళ్లిపోయాడు. కిటికీ పక్క సీటు ఆవిడకే వదిలేసి నడవ వైపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. అబద్ధం ఎందుకు, ముందు వచ్చింది భయం. ఆ సంగతి ఆయన ఎవరికైనా చెప్పి పోయాడా అని భయం. ఏ సంగతో చెబుతాను. చెప్పుకుంటే సిగ్గుచేటు అయినా, చెప్పడానికే కూర్చున్నాను.

ఆయన పేరు రాయను. రాస్తే వాళ్లింట్లో చదువుతారు.

పొట్టి మనిషి. ఎండాకాలమైనా చలికాలమైనా ఇన్‌షర్టు. షర్టు జేబులో చాక్‌పీసు ముక్క ఒకటి, పాత బస్సు టికెట్లో చుట్టి పెట్టుకునేవాడు. అయినా జేబు అడుగు ఎప్పుడూ తెల్లగానే ఉండేది. మా సెంటరు రైల్వే స్టేషను వెనక, పట్టాలను ఆనుకుని, ఒక పాత ఇంట్లో. వరసగా మూడు గదులు, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి దారి. కంప్యూటర్లు నాలుగుండేవి. రెండు పనిచేసేవి. మిగతా రెండూ ఫీజు కట్టే రోజున తల్లిదండ్రులకు చూపించడానికి.

గూడ్సు బండి వస్తే గోడలు అదిరేవి. బండి పోతున్నంతసేపూ సార్ చెయ్యి గాల్లోకి లేపి అట్లాగే నిలబడేవాడు. ఆఖరి డబ్బా దాటాక, ఏ అక్షరం దగ్గర ఆగాడో అక్కడి నుంచే అందుకునేవాడు. ‘ఒకవే’ దగ్గర బండి వస్తే, అది పోయాక ‘ళ జవాబు ఔనైతే’ అనేవాడు. మేం పగలబడి నవ్వేవాళ్లం. ఆయనకు ఎందుకు నవ్వుతున్నామో అర్థమయ్యేది కాదు.

మొదటి నెల కీబోర్డు ముట్టనివ్వలేదు. “చేతులు కట్టుకోండ్రి. నోట్‌బుక్కుల రాయంది మిషన్ల రాయొద్దు.” ఇఫ్ అని ఇంగ్లీషులో రాసినా నోటితో మాత్రం ‘ఒకవేళ’ అనేవాడు. ఎల్స్‌ను ‘లేకపోతే’ అనేవాడు. ఇంకొక అలవాటు: రాయబోయే ముక్కను చుట్టే బ్రాకెట్లలో, తెరిచేదానితో పాటు మూసేది కూడా ముందే పెట్టించేవాడు. మధ్యలో ఖాళీ వదిలి, తరవాత లోపల రాయాలి. “తలుపు పెట్టినంకనే ఇంట్లకు సామాను తెచ్చుకోవాలె” అనేవాడు. నేను ఇప్పటికీ అట్లాగే రాస్తాను. పక్కన కూర్చునే కుర్ర ఇంజనీర్లు చూసి, ఇదేం పాతకాలం పద్ధతి మేడం అంటారు.

ఆయనది గార్ల దగ్గర ఒక తండా. మధ్యాహ్నం వాళ్లమ్మ ఫోను చేసేది. వరండాలోకి వెళ్లి వాళ్ల భాషలో మాట్లాడేవాడు, గొంతు పూర్తిగా వేరే మనిషిదైపోయేది. లోపల మేం ఆ మాటల్ని వెక్కిరించుకునేవాళ్లం. ‘మేం’ అని దాక్కోవడం ఎందుకు, ముందు మొదలుపెట్టింది నేనే. జనగామ పక్కన మా ఊళ్లో మాకు బాగానే భూమి ఉంది. తండా వాళ్లు మా చేలల్లో కూలికి వచ్చేవాళ్లు. వాళ్ల భాష మా ఇంట్లో నవ్వుకోవడానికే పనికొచ్చేది. నన్ను మానుకోటలో మేనమామ ఇంట్లో పెట్టి చదివించిన మా నాయిన, ఒకసారి సెంటరు చూడ్డానికి వచ్చి, “వీడా నీకు సదువు చెప్పేది?” అని గుమ్మంలోనే అన్నాడు. సార్‌కు వినపడింది. కుర్చీ తెచ్చి వేసి, “కూసోండ్రి బాపు” అన్నాడు.

సెంటరు యజమాని కోస్తా నుంచి వచ్చినవాడు. “కాస్త మంచి తెలుగు మాట్లాడండి మాస్టారూ, పిల్లలు పాడైపోతారు” అని మా ముందరే అనేవాడు. సార్ “మంచిది సార్” అని, వెంటనే మా వైపు తిరిగి “ఆఁ, యాడున్నం?” అనేవాడు. తిట్టడం ఆయనకు చేతకాదు. కోపం వస్తే ‘మంచిది’ అనేవాడు. లెక్క తప్పు చేసి, కాదు ఒప్పే అని వాదిస్తే, ‘మంచిది’. దొంగ కారణం చెప్పి క్లాసు ఎగ్గొట్టి వస్తే, ‘మంచిది’. ఆ మాట విన్నాక ఆ పూట అన్నం సయించేది కాదు. ఒక దెబ్బ కొట్టినా బాగుండు అనిపించేది.

‘ఒకవేళ’ లోపల ‘ఒకవేళ’ మాకు ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు. ఒక ప్రశ్న అడగాలి, జవాబు అవునైతేనే లోపలి ప్రశ్న అడగాలి, అది కూడా అవునైతే దాని లోపలిది. బోర్డు మీద చూస్తే అర్థమైనట్టే ఉండేది, రాయబోతే కలగాపులగం. చివరికి ఒకరోజు సార్ బోర్డు తుడిచేసి, మమ్మల్ని లేపి నిలబెట్టాడు. మూడు గదుల మూడు గడపల దగ్గర ముగ్గుర్ని కాపలా పెట్టాడు. హాస్టల్ సీటు ఆట. మొదటి గడప మనిషి అడగాలి, అయిదో తరగతి పాసైనవా అని. రెండో గడప దగ్గర, ఊరు దూరమా అని. మూడోది నేను, సీటు ఖాళీ ఉన్నదా అని చిట్టీ చూసి చెప్పాలి. ఎవరెవరు ఎప్పుడు ఏం అనాలో ఎవరి కాగితం మీద వాళ్లు ముందే రాసుకోవాలి. రాసింది తప్ప ఒక్క మాట ఎక్కువ అనకూడదు. మిగతావాళ్లు పిల్లల్లా చిట్టీలు పట్టుకుని లోపలికి రావాలి.

నలుగురైదుగురు సాఫీగా దాటారు. తరవాత ఒక అమ్మాయి వచ్చింది. మా బ్యాచ్‌లో నోరు లేని పిల్ల. మొదటి గడప దాటింది, రెండోదీ దాటింది. నా దగ్గరికి వచ్చి చిట్టీ ఇచ్చింది. సీటు లేదు. నా కాగితం చూసుకున్నాను. ఉంటే ‘లోపలికి రా’ అనాలని రాసుకున్నాను. లేకపోతే ఏమనాలో రాసుకోలేదు. ఊరుకున్నాను. ఆ పిల్లా ఊరుకుంది. సార్ వచ్చి గోడకు ఆనుకుని నిలబడి చూస్తున్నాడు. పది నిమిషాలు. ఇరవై. అందరూ కూర్చున్నారు, ఆ అమ్మాయి మాత్రం రెండో గడపకూ మూడో గడపకూ మధ్య నిలబడే ఉంది. గంట కొట్టేదాకా నిలబెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. “ఆమెకు కాళ్లున్నయి గద సార్, బయటికి పోవచ్చు” అన్నాను.

“మనిషైతె పోతది. దరఖాస్తుకు కాళ్లుంటయా?” అన్నాడు. “కాదని చెప్పినా ఇంటికి పోతది, ఇంకో తొవ్వ చూసుకుంటది. నువ్వు ఔననలే, కాదనలే. తప్పు ఆమెది కాదు, నిలబెట్టినదానివి నువ్వు.”

“ఒక్క లైనే గద సార్.”

“మంచిది” అన్నాడు.

ఆ రోజు ఆయన్ని మనసులో ఎన్ని తిట్టానో. ఆ అమ్మాయి కోసం ఒక్క మాట కూడా అనుకోలేదు. పేరు కూడా ఇప్పుడు గుర్తు రావడం లేదు.

మూడు గడపల కంటే లోపలికి పోకూడదని కూడా ఆయన నియమం. “నాలుగో గడప కాడికి పోయినోనికి మొదటి గడప మతికుండది” అనేవాడు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయన పరిచయం చేసుకున్నప్పుడల్లా ‘మాది గార్ల, ఖమ్మం జిల్లా’ అనేవాడు. అప్పటికి జిల్లాలు ముక్కలు కాలేదు. మానుకోట వరంగల్ జిల్లా, పక్కనే ఉన్న గార్ల ఖమ్మం జిల్లా. “గింత దగ్గరుండి మీది పరాయి జిల్లానా సార్?” అని ఆటపట్టించేదాన్ని. “రైలెక్కితె అరగంట గూడ కాదు బిడ్డ. జిల్లా మాత్రం వేరే. ఏం జేస్తం, గీత గీసినోడు గార్లకు రాలే” అనేవాడు. నేనే ఆటపట్టించాను. నాకు తెలియదని ఎక్కడా బుకాయించలేను.

నా చదువు అయింది, పెళ్లి అయింది, భూపాలపల్లిలో పడ్డాను. బొగ్గు దుమ్ములో ఆరేసిన చీరలు రెండోసారి ఉతుక్కోవడం అలవాటైంది. అక్కడొక ప్రైవేటు ఏజెన్సీలో కాంట్రాక్టు మీద ప్రోగ్రాములు రాసే పని దొరికింది. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది ‘ఒకవేళ’ లోపల ‘ఒకవేళ’ గురించే. గడపల లెక్కన గడగడా చెప్పేశాను. ఆ పని ఆయన పెట్టిన భిక్ష. ఒక్కసారైనా ఫోను చేసి ఆ మాట చెప్పానా? ఏరు దాటినదానికి తెప్పతో ఏం పని.

ఈలోపు మానుకోట సెంటరు మూతపడింది. పాఠాలన్నీ ఫోన్లలోకి వచ్చాక ఆ రెండు కంప్యూటర్ల కోసం ఎవరొస్తారు? యజమాని సొంతూరు వెళ్లిపోయాడు. సార్ ఒక జిరాక్సు షాపులో కూర్చుని జనాలకు ఆన్‌లైను ఫారాలు నింపి పెడుతున్నాడని విన్నాను. పాపం అనుకున్నాను, అంతే. పాపం అనుకోవడానికి మనకు పెద్దగా ఏమీ అవసరం లేదు కదా.

మా ఏజెన్సీకి ఒక పని వచ్చింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాల్లో కొన్ని హాస్టళ్లకు కంప్యూటరు టీచర్లు కావాలి. దరఖాస్తులు ఆన్‌లైను. వాటిని జల్లెడ పట్టే ప్రోగ్రాము నేను రాశాను. మూడే ప్రశ్నలు. అడిగిన చదువు ఉందా? ఉంటే, వయసు దాటలేదా? దాటకపోతే, స్థానికుడేనా? స్థానికుడని తేల్చడానికి బడి సర్టిఫికెట్ మీది జిల్లా పేరు చూడాలి. కొత్త జిల్లాలు మూడింటిలో ఏదైనా ఒకటి ఉంటే సరే. పాత సర్టిఫికెట్లు ఉంటాయి కాబట్టి వరంగల్ అని ఉన్నా సరే. చదువు లేకపోతే ఏమవుతుందో రాశాను, తిరస్కరణ. వయసు దాటితే ఏమవుతుందో రాశాను, తిరస్కరణ. మూడో ప్రశ్నకు ‘లేకపోతే’ రాయలేదు. స్థానికేతరులు దరఖాస్తు చెయ్యొద్దని ప్రకటనలోనే ఉంది కదా, ఇంకెవరుంటారు అనుకున్నాను. పుట్టింది జనగామ, చదివింది మానుకోట, ఉంటున్నది భూపాలపల్లి. అన్నీ పాత వరంగల్లే. నా కంటికి ఈ మూడు జిల్లాలంటే వరంగల్ ముక్కలు తప్ప మరొకటి కాదు.

గార్ల ఖమ్మం నుంచి వచ్చి మహబూబాబాద్ జిల్లాలో కలిసిందన్న సంగతి ఒక్క క్షణమైనా తోచలేదు.

ఆ వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం సార్ మా ఆఫీసుకు వచ్చాడు. అదే ఇన్‌షర్టు, జేబు అడుగు మాత్రం ఇప్పుడు తెల్లగా లేదు. మానుకోట నుంచి నర్సంపేట, అక్కడి నుంచి ములుగు, ములుగు నుంచి ఘనపూర్ మీదుగా భూపాలపల్లి. మూడు బస్సులు మారి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో సర్టిఫికెట్లు. నేను ఇక్కడ పనిచేస్తున్నానని తెలిసి వచ్చాడేమో అనుకున్నాను. కాదు. నన్ను చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు. “అరె, నువ్వు గీడున్నవా బిడ్డ!” అని, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేట్టు, “మా స్టూడెంట్” అన్నాడు.

కుర్చీ వేశాను. నీళ్లిచ్చాను. ఆయన కూడా దరఖాస్తు పెట్టాడట. ఇంటర్వ్యూకు ఎంపికైనవాళ్లలో పేరు లేదు, కాదన్నవాళ్లలోనూ లేదు. “నాకు కొలువు ఇయ్యుమంటలే. లెక్కల ఉన్ననా, లేనా? గంతే జర చూడు. ఇంక పదకొండు నెలలైతె నాకు వయసు దాటుతది బిడ్డ. మళ్ల గిసొంటిది ఎప్పుడు పడ్తదో ఏమో. ఒక్కసారి మళ్ల క్లాసుల నిలబడి చెప్పాలని ఉన్నది.” ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు, కవరు మడతలు సరిచేసుకున్నాడు.

నంబరు కొట్టి చూశాను. పేరు ఉంది. చదువు ఉంది. వయసు ఉంది. ఫలితం అన్న గడి ఖాళీ.

“ఖాళీ అంటే ఏంది?”

“ఇంకా చూస్తున్నట్టు సార్.”

“మనిషైతె చూస్తడు. మిషన్ చూసుడేంది? ఇచ్చిందంటె ఇచ్చింది, లేదంటె లేదు. జర రాసింది చూపియ్యి.”

చూపించకూడదు. కానీ చూపించాను. గొప్ప కోసమే చూపించాను. మూడే గడపలు పెట్టాను సార్ అన్నాను. ఆయన కళ్లజోడు చొక్కా కొసతో తుడుచుకుని, తెర మీద వేలు పెట్టి, మా నోట్‌బుక్కులు దిద్దినట్టే ఒక్కొక్క వరసా చదివాడు. “శెభాష్, మూసేది ముందే పెట్టినవ్” అన్నాడు. మొదటి ప్రశ్న, దాని లేకపోతే. రెండో ప్రశ్న, దాని లేకపోతే. మూడో ప్రశ్న దగ్గర వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

“నా సర్టిఫికెట్ల ఖమ్మం అని ఉన్నది బిడ్డ” అన్నాడు, చాలా మెల్లగా. “ఖమ్మం అని ఉంటె గీడ ఏమైతది?”

ఏమీ కాదు. అదే జవాబు. ఖమ్మం అని ఉంటే ఏమీ కాదు. ఔనూ అనదు, కాదూ అనదు. గార్ల వాళ్లు, పక్కన బయ్యారం వాళ్లు, పాత సర్టిఫికెట్లు పెట్టినవాళ్లందరూ నా ప్రోగ్రాములో రెండు ప్రశ్నలు దాటి అక్కడే ఆగిపోయి ఉన్నారు.

మేనేజరు అద్దాల గదిలో ఫోను మాట్లాడుతున్నాడు. ముందు రోజే జాబితా మీద సంతకాలైపోయాయి. ఎల్లుండి ఇంటర్వ్యూలు. నేను లేచి, పది అడుగులు వేసి, ఆ తలుపు తోసి, తప్పు రాశాను సార్, జాబితా మళ్లీ తీయాలి అనాలి. ఇంటర్వ్యూలు వారం వాయిదా పడతాయి, నాలుగు తిట్లు పడతాయి. కానీ నా కాంట్రాక్టు ఆ నెలాఖరుతో అయిపోతుంది. పొడిగించాలా వద్దా అని రాయాల్సింది ఆయనే. ఇదంతా ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందో చెబితే నమ్మరు. ఒక గుటక మింగినంత సేపు.

“అది వేరే ఫైల్లో చూసుకుంటుంది సార్. మీరేం కంగారు పడకండి” అన్నాను. నా నోట్లోంచి వచ్చింది ఆ సెంటరు యజమాని తెలుగు.

ఆయన తెర మీంచి వేలు తీశాడు. నా వైపు చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

“మంచిది బిడ్డ” అన్నాడు.

మా అమ్మ ఎట్ల ఉన్నదని అడిగాడు. నా కూతురు ఏం చదువుతోందని అడిగాడు. చాయ్ తాగుతారా సార్ అంటే, బస్సు పోతది అన్నాడు. మెట్ల దాకా వెళ్లాను. కవరు చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

నాకు ఆయన మీద కోపం కూడా ఉంది, దాచను. అరవొచ్చు కదా? ఆ అద్దాల గది తలుపు ఆయనైనా తోయొచ్చు కదా? తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించినవాడు, ఆ వేలు నా వైపు ఎందుకు చూపించలేదు? నా పరువు కాపాడమని నేనడిగానా? గురువుకే పంగనామం పెట్టినదాన్ని పట్టుకుని, మంచిది బిడ్డ అంటాడా! ఇట్లాంటి మంచితనం ఎదటివాళ్లను బతకనివ్వదు.

ఇంటర్వ్యూలు అయిపోయాయి. పోస్టులు నిండాయి. నా కాంట్రాక్టు పొడిగించారు. తరవాత ఫోన్లు మొదలయ్యాయి, మా ఫలితం ఏదీ అని. అన్నీ ఒకే వైపు నుంచి. మేనేజరు విసుక్కుని, “ఖాళీ పెడితే జనం చంపుతున్నరు. ఏదో ఒకటి పెట్టు, మెసేజ్ పంపెయ్” అన్నాడు. అప్పుడు తెరిచాను ఆ ప్రోగ్రామును. మూడో ప్రశ్న కింద ‘లేకపోతే’ రాశాను. ఎట్టకేలకు రాశాను, ఆయన అడిగిన ఒక్క లైను. దాని లోపల ‘అనర్హులు’ అని రాసి, బటను నొక్కాను. ఎంతమందికి పోయిందో తెర మీద అంకె వచ్చింది. చూడకుండా మూసేశాను.

కండక్టరు చెప్పిన వారానికి గార్ల వెళ్లాను. మానుకోటలో రైలెక్కి, గార్లలో దిగి, ఆటో పట్టుకుని తండాకు. నా వల్ల ఆయన పోయాడని నేను అనుకోవడం లేదు. అట్లా అనుకోవడం కూడా ఒక రకం గొప్పే. గుండె ఆగి పోయాడు, రోజూ ఎందరో పోతున్నారు. నేను వెళ్లింది నిజం చెప్పడానికి. రైల్లో మాటలు కూర్చుకున్నాను. అమ్మా, సార్‌కు అన్ని అర్హతలూ ఉన్నాయి, తప్పు నాది. ఇంతే. అరగంట కూడా పట్టని ప్రయాణంలో దాన్నే నాలుగుసార్లు చెప్పుకున్నాను.

సార్ భార్య వాకిట్లో కూర్చుని పప్పు చెరుగుతోంది. పేరు చెప్పగానే చాట పక్కన పెట్టి లేచింది. “భూపాలపల్లి పిల్లవా? నీ ముచ్చట మస్తు చెప్పెటోడు. మా స్టూడెంట్ మూడే గడపల్ల ప్రోగ్రాం రాసిందని తండల అందరికీ చెప్పుకున్నడు.” కుర్చీ తెచ్చింది. చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన పోయిన పొద్దున ఎట్లా జరిగిందో అంతా చెప్పింది. ఛాతీల మంట అన్నాడట, సోడా తాగితే తగ్గుతుందన్నాడట. చెబుతూ చెబుతూ ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“బిడ్డ, ఒకటి అడుగుత, మనసుల పెట్టుకోకు” అంది. లోపలికి వెళ్లి ఆయన ఫోను తెచ్చింది. “గిండ్ల మెసేజ్ వచ్చింది, అనర్హులు అని. మా పిల్ల చదివి చెప్పింది. ఇరవై ఏండ్లు పిల్లలకు సదువు చెప్పిండు. గా మెసేజ్ వచ్చినంక మనిషి మునుపటి తీరు లేడు. నాకు సదువు రాదు, నాకేం తెలుసు. నువ్వు గా ఆఫీసుల్నే ఉంటవంట గద. నిజంగనే ఆయనకు అర్హత లేకుండెనా?”

నోరు తెరిచాను. కూర్చుకున్న మాటలన్నీ అక్కడే ఉన్నాయి, నాలుక మీదే ఉన్నాయి. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

“వయసు దాటిందమ్మా” అన్నాను.

ఆమె తల ఊపింది.

“ఆయన గూడ గదే అన్నడు. గా పిల్ల తప్పు రాయది, నాకే వయసు దాటింది అన్నడు. నేనే నమ్మలే బిడ్డ. ఊకె గట్ల అంటున్నడనుకున్న. గిప్పుడు నువ్వు చెప్పినంక మనసు కుదుటపడ్డది.”

ఆయనకు వయసు దాటలేదు. నా దగ్గరికి వచ్చిన రోజుకు ఇంకా పదకొండు నెలలుంది. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరం ఉండేవాళ్లం, ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను.